ఆరు సీసాల మీద నా సంతకం

మా ల్యాబుకు నీళ్ళ సీసా ఏది వచ్చినా దాని మెడకు ఒక చీటీ వేలాడుతూ ఉండాలి. ఊరు, బోరు నంబరు, తేదీ, టైము, అన్నిటికీ కింద ‘సేకరించినవారు’ అని ఒక గీత. ఆ గీత మీద సంతకం లేకపోతే సీసాను బల్ల మీద పెట్టనిచ్చేదాన్ని కాదు. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు టెక్నీషియనుగా చేశాను. ఎంటెక్ పిల్లలైనా సరే, డాక్టరేట్ చేసే లెక్చరర్లయినా సరే, చీటీ లేకుండా వస్తే తిప్పి పంపేదాన్ని. వెనకాల నన్ను ‘చీటీలక్క’ అంటారని తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఇప్పుడు పరిశోధనలు చేస్తున్న మీకు ఈ సంగతి చెప్పడానికి కారణం గొప్ప పోవడం కాదు. నా చేత్తో పెట్టిన సంతకాల్లో కొన్ని అబద్ధం. ఎన్నో కూడా తెలుసు. ఒక పాత ఫైలు ముందేసుకుని, చెమటలు కారుతుంటే, ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

మా కాలేజీలోనే సివిల్ డిపార్టుమెంటులో ఒక లెక్చరరమ్మ ఉండేది. లోపలి పల్లెల్లో వరి పండించే ఇంటి పిల్ల. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక డాక్టరేట్‌లో చేరింది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం పేపర్లు దిద్దడం, సాయంత్రం మా ల్యాబు. నేను చెప్పే సంగతి జరిగేనాటికి ఏడో ఏడు నడుస్తోంది. గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించారు, ఇక లేదన్నారు. పైగా డాక్టరేట్ లేనివాళ్ళను ఆ ఏడు దాటితే రెగ్యులర్ పోస్టులో ఉంచబోమని మేనేజ్‌మెంటు కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని ఆమె హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుని తిరిగేది. పెన్ను కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా అది బయటికి తొంగిచూసేది. నన్ను ‘అక్కా’ అనేది. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. క్యారేజీలో తన కూర సగం నా మూతలో వెయ్యకుండా తినేది కాదు.

ఆమె పరిశోధన ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్కన ఉన్న ఒక ఊళ్ళో. చుట్టూ రొయ్యల గుంటలు. గుంటల్లోని ఉప్పు భూమిలోకి దిగి ఊళ్ళో బోర్లను ఎంత పాడుచేస్తోందో చూడడం ఆమె పని. ఇరవై బోర్లు ఎంచుకున్నాం. నెలకొకసారి వెళ్ళి, ప్రతి బోరు దగ్గరా మోటారు పది నిమిషాలు వదిలేసి, పైపులో నిలవున్న నీళ్ళు పోయాక సీసా నింపాలి. తెచ్చి మీటరులో పెడితే ఉప్పెంతుందో అంకె చెబుతుంది. ఇంతకన్నా మీకు తెలియాల్సిన సైన్సు ఇందులో లేదు.

మొదట్లో ఇద్దరం కలిసే వెళ్ళాం. తరవాత ఆమెకు పరీక్షల డ్యూటీ, అడ్మిషన్ల డ్యూటీ, మాటిమాటికీ ఇన్‌స్పెక్షన్లు. “నేను పోయొస్తాలే, నువ్వు ఆ పని చూసుకో” అన్నాను. పద్నాలుగు బోర్లు ఊళ్ళోనే, కాలేజీ వ్యాను పోయే దారిలోనే ఉన్నాయి. మిగతా ఆరూ గుంటలు దాటి, ఉప్పుకాలవ కట్ట మీద ఆరు ఇళ్ళలో. అక్కడికి వ్యాను పోదు. కట్ట మీద నడిచిపోవాలి. అప్పటికే నా మోకాళ్ళు మెట్లెక్కనిచ్చేవి కావు.

ఆ ఆరిళ్ళలో ఒక ఇంటామె ఊరి అంగన్‌వాడీలో ఆయా. రోజూ కట్ట మీద నుంచి ఊళ్ళోకి వచ్చేది. ఒకరోజు నేను కట్ట మొదట్లో నిలబడి ఆయాసపడుతుంటే చూసి, “ఈ ఎండలో ఎందుకక్కా అగసాట్లు? ఆ సీసాలు నాకియ్యండి. మీరొచ్చే రోజు పొద్దన్నే నింపి అంగన్‌వాడీ కాడ పెట్టిస్తా” అంది. మోటారు పది నిమిషాలు వెయ్యాలని చెప్పాను. “అట్నే అక్కా” అంది. మరునెల ఆరు సీసాలూ గడప దగ్గర వరసగా ఉన్నాయి. తళతళా తుడిచి, మూతలు గట్టిగా బిగించి. వ్యానులో కూర్చుని చీటీలు రాసి, ‘సేకరించినవారు’ అన్నచోట సంతకం పెట్టాను.

చెయ్యి వణకలేదు. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. వణికి ఉంటే బాగుండేది.

అలా రెండు వేసవులు గడిచాయి. ఫలితాలు చూస్తే వింతగా ఉన్నాయి. ఊళ్ళో బోర్లన్నీ ఎండాకాలం ఉప్పెక్కుతున్నాయి, అది అందరికీ తెలిసిందే. కానీ గుంటలను ఆనుకుని ఉన్న ఆ ఆరు బోర్లలో మాత్రం వానాకాలం కంటే ఎండాకాలమే నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన మంచివాడే, కాని కొత్తదనం కనబడితే ఆగలేడు. “అక్కడ కింద బంకమట్టి పొర ఉండి ఉంటుందమ్మా. అదే ఉప్పును ఆపుతోంది. ఇదే నీ థీసిస్‌కు ప్రాణం” అన్నారు. దాని మీద ఒక అధ్యాయం తయారైంది. ఒక పెద్ద జర్నల్‌కు పేపరు పంపితే వాళ్ళు తీసుకున్నారు కూడా.

ఒక్క మాట చెప్పాలి. ఎండాకాలం ఆ ఆరు సీసాల అంకెలూ దాదాపు ఒకేలా ఉండేవి. ఆరు వేర్వేరు బోర్లు, అంకె మాత్రం ఒకటే. ముప్పై ఏళ్ళు మీటరు ముందు కూర్చున్నదానికి అది కనబడలేదా? కనబడింది. మీటరు సరిగా పనిచేస్తున్నట్టుందని సంతోషించాను. నా తెలివి అంత మాత్రమే.

థీసిస్ సమర్పించాల్సిన శుక్రవారానికి ముందటి ఆదివారం, ఆ ఆయా మనవరాలికి పేరు పెట్టే ప్రార్థన. వాళ్ళ సంఘమూ మా సంఘమూ ఒకటే, రమ్మని మరీమరీ చెప్పింది. మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని, రెండేళ్ళ తరవాత మొదటిసారి ఆ కట్ట మీద నడిచాను. పాస్టరు గారు ప్రార్థన ముగించారు, పాటలు అయ్యాయి, భోజనాలకు లేచాం. చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక కుళాయి దగ్గరికి పోయాను. అది బోరు నీళ్ళ కుళాయి.

సబ్బు రుద్దాను. నురగ రాలేదు. ఇంకాస్త రుద్దాను. చేతులకు జిడ్డుగా అంటుకుందే తప్ప నురగన్నది లేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, చేతులు కడిగేసి, కుళాయి నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఒట్టి ఉప్పు. నా రిజిస్టరులో ఆ కుళాయి నీళ్ళు ఊరు మొత్తం మీద తియ్యటివి.

ఆయా తువ్వాలు పట్టుకుని వచ్చింది. మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను.

“మే, నాకు నింపి పెట్టే సీసాలు... ఈ కుళాయివేనా?”

ఆమె నవ్వింది. “వానాకాలం ఇవేనక్కా. ఎండలొస్తే ఇవెట్టా పోసేది? సీసా అడుగున తెల్లంగా పేరుకుంటది. మేం తాగేదానికి తెచ్చుకునే డబ్బా నీళ్ళే పోసిచ్చినాం, అందరం.”

“అందరూనా?”

“ఆరిళ్ళోళ్ళం. కాలేజీలో పెద్దపెద్దోళ్ళు పరీక్ష చేస్తారంటిరి గదా. నోట్లో పోసుకోని చూస్తారేమో అనుకున్నా. ఇంటికొచ్చినోళ్ళకే ఆ నీళ్ళియ్యం, మీకెట్టా పంపిచ్చేదక్కా? ఉప్పునీళ్ళోళ్ళని పేరు పడితే ఈ కట్ట మీదకి పిల్లనెవరిస్తారు?” అని, గొంతు తగ్గించి, “మోటారు మాత్రం మీరు చెప్పినట్టే పది నిమిషాలు యేసినాం” అంది.

ఆ చివరి మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మోటారు వేసి, ఆ నీళ్ళు కాలవలోకి వదిలేసి, డబ్బా వంచి నా సీసా నింపారు. మర్యాదలో ఎక్కడా లోటు చెయ్యలేదు.

విస్తరి ముందు కూర్చోబెట్టాక ఆమె ఇంకో మాట అడిగింది. “అక్కా, మా నీళ్ళు ఎట్టుండాయని వచ్చింది మీ పరీక్షలో? మంచినీళ్ళ పైపులైను కోసం అర్జీ పెట్టుకుంటా ఉండాం. మీ కాలేజీ కాగితం జతచేస్తే ఆఫీసరు మాటింటాడని అంటా ఉండారు.”

మా కాగితం జతచేస్తే వాళ్ళ అర్జీ ఆ రోజే చెత్తబుట్టలో పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. “చెబుతాలే” అని తలవంచుకుని తిన్నాను.

సోమవారం ల్యాబులో అడుగుపెడితే బల్ల మీద మలైకాజాల పెట్టె. జర్నల్ వాళ్ళు పేపరును అచ్చుకు సిద్ధం చేసి, చివరిసారి చూసుకోమని పంపారట. లెక్చరరమ్మ ముఖం ఏడేళ్ళలో అంత వెలగడం నేను చూడలేదు. “ముందు మీ నోట్లోనే అక్కా, సీసాలు మోసింది మీరే గదా” అని తానే తినిపించింది. మింగాను. పిపెట్ కడగలేదని ఒక పిల్లవాణ్ణి ఎప్పట్లాగే తిట్టబోయి, నోరు మూసుకున్నాను.

చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరు చూస్తారు? థీసిస్ అటకెక్కుతుంది, ఆమె ఉద్యోగం నిలబడుతుంది, నేను ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. ఇలా ఆలోచించలేదని చెబితే అది ఇంకో దొంగ సంతకం. అదే పనిగా ఆలోచించాను. అయితే ప్రతిసారీ ఆ సబ్బు చేతులు గుర్తొచ్చేవి.

మంగళవారం సెలవు పెట్టి, బస్సులో ఆ ఊరికి పోయాను. కట్ట మీద నడిచి, ఆరిళ్ళలో మోటారు వేయించి, దగ్గర నిలబడి, వాచీ చూసుకుని, నా చేత్తో నేను సీసాలు పట్టాను. ఆయా వెంటే వచ్చింది, అడ్డం పడబోయింది కూడా. “ఆ నీళ్ళొద్దక్కా, మా పరువు తీస్తారా యేంది?” అంది. ఆమెకు విషయం విడమరిచి చెప్పాను. “అయితే మేం మంచి చేద్దామని పోయి, ఆ తల్లి కొంపకే నిప్పు పెట్టినామా?” అంది. తప్పు మీది కాదు, నాది అన్నాను. మధ్యాహ్నం ల్యాబుకు వచ్చి మొదటి సీసా మీటరులో పెట్టాను. ఉప్పు మీటరు చూపగలిగిన అంకె దాటిపోయింది. నీళ్ళు కలిపి పలచన చేసి చూడాల్సి వచ్చింది. ఆరూ అంతే.

బుధవారం పొద్దున లెక్చరరమ్మ రాగానే ల్యాబు తలుపు దగ్గరికి వేశాను. నిలబడి చెప్పలేక స్టూలు మీద కూర్చుని చెప్పాను. మోకాళ్ళ నొప్పితో మొదలుపెట్టి, మీటరు దాకా. అంతా విని ఆమె అడిగింది.

“ఎన్ని సీసాలు?”

చెప్పాను. ఆదివారం సాయంత్రం లెక్కపెట్టుకున్న అంకె.

“ఒక్కసారి చెప్పుంటే నేనే పొయ్యేదాన్ని గదా” అంది. “జొరమొచ్చినా పొయ్యేదాన్ని. పిల్లోడికి పరీక్షలున్నా పొయ్యేదాన్ని. మీ సంతకం చూసి నేను ఎదురు ప్రశ్న కూడా వెయ్యలేదు.” హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, దాని కొస నులుముతూ కూర్చుంది. అందులో ఆ కాగితం ఉందని నాకు తెలుసు. ఆమె ఏడ్చి ఉంటే పట్టుకుని నేనూ ఏడ్చేదాన్ని. ఏడవలేదు. లేచి, “ప్రొఫెసరు గారి దగ్గరికి పోదాం పదండి, మేడం” అంది.

ఏడేళ్ళలో మొదటిసారి మేడం అంది. ఆ మాట గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు.

ప్రొఫెసరు గారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండేళ్ళ రీడింగులు ఒకవైపు, నిన్న ఒక్కరోజు పట్టిన నీళ్ళు ఒకవైపు. నిన్న సముద్రం పోటు ఎక్కువై ఉండచ్చు కదండీ? చివర్లో పరిమితులు అని ఒక పేరా రాసేద్దాం. ఆ తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు” అన్నారు. నా వైపు తిరిగి, “చీటీల మీద సంతకం మీదే కదా? పట్టలేదంటే మీ సర్వీసుకే మచ్చ. రిటైరయ్యే ముందు ఇదెందుకు చెప్పండి?” అని మెల్లగా అన్నారు. బెదిరింపు కాదు, నిజంగా నా మంచికోసమే అన్నారు. అందుకే మరీ భయమేసింది. సరేనని తలూపితే అందరం బయటపడతాం. నా తల కొద్దిగా ఊగింది కూడా.

ఆమె మాత్రం కూర్చోలేదు. “సార్, ఆ ఊళ్ళో వాళ్ళు పైపులైను అడుగుతున్నారంట. నా పేపరు చూపించి వద్దంటారు. ఇంకోపక్క గుంటల వాళ్ళు ఒక కాపీ ఇమ్మని మిమ్మల్ని అడిగారని మీరే చెప్పారు. నాకు ఈ డాక్టరేట్ వద్దని కాదు సార్. ఈ అధ్యాయం వద్దు” అంది.

పేపరును వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నల్‌కు ఆమే రాసింది. కారణం ‘నమూనాల సేకరణలో లోపం’ అని పెట్టింది. ఎవరి లోపమో రాయలేదు. ఆ ఉత్తరం నాకు చూపించి, “ఇంతే చాలు” అంది. నన్ను కాపాడిందో, నా పేరు రాయడానికి కూడా మనసొప్పలేదో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం గడిచిపోయింది, థీసిస్ పోలేదు. గడువు మళ్ళీ పొడిగించడానికి యూనివర్సిటీ చుట్టూ నెలల తరబడి తిరిగింది. చివరికి ఒప్పుకున్నారు గాని, ఈలోగా కాలేజీ ఆమెను రెగ్యులర్ పోస్టులోంచి తీసి కాంట్రాక్టులో వేసింది. స్టాఫ్‌రూములో అంతకుముందు ఆమె కూర్చునే కిటికీ పక్క బల్ల ఇంకొకరికి ఇచ్చారు. నేను అటు పోవడం మానుకున్నాను.

మళ్ళీ మొదటి నుంచీ నీళ్ళు పట్టాం. ఇరవై బోర్లూ, నెలకు రెండుసార్లు. కట్ట మీద ఆమె ముందు, చేతికర్రతో నేను వెనక. మా మధ్య మాటలు “మోటారు వెయ్యండి”, “టైమెంత?”, “చీటీ రాయండి” అంతవరకే. సంతకం మాత్రం ఆమే పెట్టుకునేది. నేను పెన్ను అందించేదాన్ని.

ఆయా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరం కాస్త మెత్తబడేవాళ్ళం. ఆయా బోరు కుళాయి తిప్పి సీసా నిండేదాకా ముఖం పక్కకు తిప్పుకుని నిలబడేది. ఎవరో ఇంటి గుట్టు చూస్తున్నంత ఇబ్బంది పడేది. సీసా మూత బిగించగానే ఇంట్లోకి ఉరికి రెండు గ్లాసులతో డబ్బా నీళ్ళు తెచ్చేది. “అది మీ మిషనుకి. ఇది మీకు” అనేది. మేం తాగేదాకా కదిలేది కాదు. ఆ కొత్త రీడింగుల కాగితం వాళ్ళ అర్జీకి జతచేశారు. పైపులైను నేను రిటైరయ్యే నాటికీ రాలేదు గాని, ఎండాకాలం ట్యాంకరు రావడం మొదలైంది.

ఏడాదిన్నర తరవాత ఆమె వైవా పెట్టారు. సెమినారు హాలు, ఇరవై ముప్పై మంది. బయటి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చాడు. టెక్నీషియన్లు అలాంటి చోట టీలు అందించడానికే తప్ప కూర్చోరు. అయినా పోయి వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆమె బాగా చెప్పింది. గుంటలకు దగ్గరయ్యేకొద్దీ ఉప్పు ఎలా పెరిగిందో ఒక్కో బోరూ చూపించింది. అందులో కొత్తదనం ఏమీ లేదు, ఊళ్ళో ఎవరినడిగినా చెప్పే సంగతే. ప్రొఫెసరు గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పరీక్షకుడు పేజీలు వెనక్కి తిప్పాడు. “అమ్మా, మొదటి రెండేళ్ళ రీడింగులు వదిలేశారు. సేకరణలో లోపం అని ఒక్క ముక్క రాశారు. నచ్చని అంకెల్ని తీసేసి, నచ్చినవి ఉంచుకోలేదని నేనెలా నమ్మాలి? ఆ లోపం ఏమిటి? ఎవరు చేశారు?”

ఆమె మైకు పట్టుకుని నిలబడిపోయింది. జవాబు ఆమెకు తెలుసు. చెబితే తను గట్టెక్కుతుంది, చెప్పకపోతే ఆ మచ్చ తనమీదే ఉంటుంది. ఆమె కాగితాలు సర్దుకుంటోంది, తల ఎత్తడం లేదు. వెనక్కి చూడకూడదని ఆమె పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. ప్రొఫెసరు గారు మాత్రం చూశారు, వద్దన్నట్టుగా.

కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. మోకాళ్ళు కటకటమన్నాయి, నలుగురు వెనక్కి తిరిగారు.

“సార్, నేను ఇక్కడి ల్యాబు టెక్నీషియన్ని. ఎండాకాలం ఆ బోర్ల నుంచి వచ్చిన సీసాల్లో ఉన్నది బోరు నీళ్ళు కాదు, ఆ ఇళ్ళవాళ్ళు మర్యాదకు పోసిచ్చిన తాగే నీళ్ళు. వాళ్ళు తెలియక పోశారు. నేను తెలిసే చేశాను సార్. పోయి పట్టలేదు. పట్టినట్టు ప్రతి చీటీ మీదా సంతకం పెట్టాను. ఈ అమ్మకు సంబంధం లేదు.”

పెద్దాయన పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. నేను అలాగే నిలబడి ఉన్నాను, కూర్చోవచ్చో లేదో తెలియక.

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అందుకని ఆ మాట హాలంతా వినబడింది.

“కూర్చో అక్కా. మోకాళ్ళు నొప్పి చేస్తాయి.”